తెరుచుకోని వాల్వు కోసం పాతబస్తీకి

జనం యాత్రలకు దేవుణ్ణి చూడటానికి వెళ్తారు, కొండలు చూడటానికి వెళ్తారు. నేను మొన్న వానాకాలంలో హైదరాబాద్ పాతబస్తీకి వెళ్లింది ఒక నీళ్ల వాల్వును చూడటానికి. చార్మినార్ చూశావా అని అడిగిన వాళ్లందరికీ చూశాననే చెబుతున్నాను. చూసిన మాట నిజమే, కాకపోతే నిలబడి చూసే తీరిక దొరకలేదు.

విశాఖపట్నం ఆటోనగర్‌లో మాకొక చిన్న షాపు ఉంది. నేను, మా మరిది ప్రసాదు, ఇద్దరు మెషినిస్టులు, అంతే మా బలగం. పెద్ద నీళ్ల గొట్టాలకుండే వాల్వులను మనిషి చేత్తో తిప్పే అవసరం లేకుండా మోటారుతో తిప్పే పెట్టెలు తయారుచేస్తాం. మా వాళ్లు దాన్ని యాక్చుయేటర్ అంటారు. మోటారు, దాని కింద మర లాంటి ఒక గేరు, ఆ గేరు తిప్పే కంచు చక్రం, వీటన్నిటికీ ఒక ఇనుప పెట్టె. గీసేది నేను, ఊళ్లు తిరిగి బిగించి వచ్చేది ప్రసాదు. అందుకే ఇన్నేళ్లలో నేను గీసిన యంత్రం నిజంగా ఒక వీధికి నీళ్లు వదలడం నా కళ్లతో ఒక్కసారి కూడా చూడలేదు. షాపులో గొట్టం చివర మూత బిగించి, పంపుతో ఒత్తిడి పెట్టి పరీక్షిస్తాం. అవీ నీళ్లే గానీ ఎవరి గొంతూ తడపవు.

పాతబస్తీలో హుస్సేనీ ఆలం అనే పేటలో ప్రసాదు ఒక పెట్టె బిగించి వచ్చాడు. వేసవంతా బుద్ధిగా పనిచేసింది. వానలు మొదలయ్యాక ఉన్నట్టుండి మొండికేసింది. వాల్వును చక్కగా మూస్తుంది, తెరవమంటే మాత్రం మూలిగి ఆగిపోతుంది. అక్కడి నీళ్ల ఇంజనీరు గారు ఫోన్ చేసి మర్యాదగానే చెప్పారు. శనివారం నీళ్లు వదిలే రోజు. ఆ రోజు మీ మోటారు తెరిస్తే మిగతా వాల్వులకు కూడా మీ పెట్టెలే తీసుకుంటాం, లేకపోతే దాన్ని విప్పి పట్టుకెళ్లండి అన్నారు. ఆ మిగతా పెట్టెల మీదే మా షాపు వచ్చే ఏడాది బతుకు ఆధారపడి ఉంది. సరిగ్గా అప్పుడే ప్రసాదు స్కూటర్ మీంచి జారిపడి కాలికి కట్టు కట్టించుకున్నాడు. "వదినా, ఈసారి నువ్వే వెళ్లాలి," అన్నాడు మంచం మీంచి. భయం వేసిన మాట నిజం. కానీ లోపల ఎక్కడో సంబరం కూడా వేసింది, దాన్ని మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

హుస్సేనీ ఆలం

గురువారం పొద్దు బాగా ఎక్కాక చేరాను. లైన్‌మన్ యాదగిరి గారు సందు మొదట్లో నిలబడి ఉన్నారు. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు. ఆ పేటలో ఏ వీధికి ఏ రోజు నీళ్లు వదలాలో చూసేది ఆయనే. నా చేతిలోని పనిముట్ల సంచి లాక్కుని, బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయారు.

"ఏంది మేడం, గింత బరువు? వైజాగ్ నుంచి సముద్రం తెచ్చినవా?"

"పానాలు, సుత్తులు అండి. మీరు ఇటివ్వండి, యాదగిరి గారూ."

"గారు గీరు ఒద్దు మేడం. గట్ల పిలిస్తే నా యెనక ఇంకెవరన్న ఉన్నరేమో అని సూస్తున్న. యాదగిరి అను, సాలు."

మాకు గారు లేకుండా పెద్దవాళ్లను పిలిస్తే నాలుక తిరగదు. వాళ్లకేమో గారు తగిలిస్తే మనిషి దూరం జరిగినట్టు ఉంటుంది. చివరికి నేను "యాదగిరన్నా" దగ్గర రాజీపడ్డాను. ఆయన మేడం నుంచి "అక్కా"కు దిగివచ్చారు. వయసులో ఎవరు పెద్దో ఇద్దరం తేల్చుకోలేదు.

సందు రెండు మలుపులు తిరిగి ఒక పాత ఇంటి పక్కన ఆగింది. కింద కుట్టుమిషన్ల చప్పుడు, మేడ మీద పావురాల గూళ్లు. ఆ ఇంటి గోడను ఆనుకునే మా వాల్వు చాంబరు ఉంది. ఇటుకలతో కట్టిన లోతైన గుంత, పైన బరువైన ఇనుప మూత. మూత తీసి దిగి చూస్తే, నేను కాగితం మీద గీసిన పెట్టె నీలం రంగులో అక్కడ కూర్చుని ఉంది. దానికి నమస్కారం పెట్టబోయి, యాదగిరన్న చూస్తున్నాడని మానేశాను.

"పొద్దుగాల చేతితోనే తెరిచి బంద్ జేసిన అక్కా. ఇద్దరం పడితే గని ఆ చేతి చక్రం కదలలే. ఇగో, భుజం సూడు, ఎట్ల వాసిందో."

మీట నొక్కాను. మోటారు "ఊఁ" అని మూలిగి, వెంటనే ఆగిపోయింది. ఇంకోసారి నొక్కాను. మళ్లీ అదే మూలుగు. ఎక్కడో ఏదో లేదనిపించింది, కాసేపటికి అదేమిటో తెలిసింది. ఆ పెట్టెలోంచి రావలసిన దెబ్బ చప్పుడు రావడం లేదు.

ఆ దెబ్బ సంగతి ఇక్కడ చెప్పాలి. నీళ్ల గొట్టానికి అడ్డంగా దిగే ఇనుప తలుపును గేటు అంటాం. రెండు రోజులు గట్టిగా మూసి ఉంచితే అది తన గాడిలో బిగుసుకుపోతుంది. మొదటిసారి కదిలించడానికే బలమంతా కావాలి, ఒకసారి కదిలాక పని తేలిక. అందుకని మోటారు తిప్పే చక్రాన్ని గేటును ఎత్తే కడ్డీకి నేరుగా బిగించం. చక్రానికి రెండు కొమ్ములు, కడ్డీ చుట్టూ ఉండే గొట్టానికి రెండు కొమ్ములు పెట్టి, వాటి మధ్య కావాలనే ఖాళీ వదులుతాం. తెరవమనగానే మోటారు ముందు ఆ ఖాళీలో తేలిగ్గా తిరిగి వేగం అందుకుంటుంది. అప్పుడు కొమ్ముతో కొమ్మును ఠక్‌మని కొడుతుంది. ఆ దెబ్బకు గేటు విడివడుతుంది. ఇక్కడ ఆ ఖాళీ ఏమైందో తెలియదు, మోటారు మొదటి క్షణం నుంచే బరువు మోస్తోంది.

వాననీరు లోపలికి దిగి చక్రం గొట్టానికి పట్టేసి ఉంటుందా? అదే అయితే తప్పు ఆ నీళ్లది కాదు, నాది. నీళ్లు దిగకుండా అక్కడ పెట్టిన రబ్బరు చుట్టను ఎంచింది నేనే.

"అన్నా, దీన్ని ఎవరైనా విప్పారా?"

యాదగిరన్న ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "బయటోళ్లను ముట్టనిస్తనా అక్కా? నా పానం లెక్క సూసుకుంటున్న దీన్ని."

మేడ మీంచి ఎవరో ఈల వేశారు. తలెత్తితే పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ఒక భారీ మనిషి, హెన్నా పెట్టిన గడ్డం, భుజం మీద ఒక తెల్ల పావురం. "యాదగిరీ, వైజాగ్ మేడం వచ్చిండ్రా? చాయ్ పంపిస్తున్న. తాగకుంటె పోనియ్యకు!" అని కేకేశాడు.

"మన ఖాజా భాయ్," అన్నాడు యాదగిరన్న. "దబీర్‌పురాల గేర్ల పని జేస్తడు. రేపు మోటరు పెట్టె ఇప్పి ఆయన షాపుకే పట్కపోదాం. చక్రం గుంజే సామాన్ ఆయన తాన ఉంటది."

చాయ్, గాజులు

ఆ సాయంత్రం చేసే పనేమీ లేదు. యాదగిరన్న నన్ను ఊరికే గదిలో కూర్చోనివ్వలేదు. "దిమాగ్ ఖరాబ్ అయితది అక్కా, నడువు," అని బజారుకు తీసుకెళ్లాడు.

ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. మా వైపు టీ అంటే మన ముందే కాచి, ఎత్తునుంచి గ్లాసులో పోసి, నురగ తెప్పిస్తారు. ఇక్కడ డికాక్షన్ ఒక చోట, పాలు ఒక చోట గంటలతరబడి మరుగుతాయి, ఆ రెంటినీ కప్పులోనే కలుపుతారు. చిక్కగా, తియ్యగా, అన్నానికి బదులు తాగేటట్టు ఉంది. ఉప్పూ తీపీ కలిసిన బిస్కట్టు ముంచుకోమన్నాడు యాదగిరన్న. ముంచాను, అది కప్పులో కూలిపోయింది. ఎంతసేపు ముంచాలో పుట్టుకతో రావాలట. రెండో బిస్కట్టు కూడా కూలిపోయాక చెంచా అడిగాను, హోటలు హోటలంతా నన్నే చూసింది.

గాజుల బజారులో లక్క గాజుల ముందు మా తోటికోడలి ముఖం గుర్తొచ్చి ఆగాను. దుకాణదారు ఎనిమిది వందలన్నాడు. నేను ధైర్యం చేసి ఆరు వందలన్నాను. అతను ఒక్క మాట కూడా అనకుండా కాగితంలో చుట్టి చేతిలో పెట్టేశాడు. బయటికి వచ్చాక యాదగిరన్న చాలాసేపు నవ్వాడు. "మూడొందలు అనాలె అక్కా. ఆయన లొల్లి జెయ్యాలె, మనం రెండడుగులు పోవాలె, ఆయన పిలవాలె. నువ్వు మస్తు తొందర పడితివి. ఆయనకు గూడ మజా రాలే."

అప్పటికి నా బాధ సగం తగ్గింది. రాత్రికి ప్రసాదుకు ఫోన్ చేసి ఖాళీ సంగతి చెప్పాను. "రబ్బరు చుట్టేనా వదినా?" అన్నాడు నెమ్మదిగా. తెలీదన్నాను.

దబీర్‌పురా

శుక్రవారం పొద్దున మోటారు పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని దబీర్‌పురా వెళ్లాం. ఆటో డ్రైవరు అద్దంలో చూసి, "అది టిఫిన్ డబ్బానా, బాంబా?" అని అడిగాడు. స్టేషను దగ్గర రైలు పట్టాల పక్కగా నడిస్తే ఖాజా భాయ్ షాపు. రెండు లేతు మిషన్లు, గోడ నిండా గేర్లు. ఆయన మా కోసం అప్పటికే బల్ల తుడిచి ఉంచాడు.

పై మూత విప్పాం. నేను టార్చి పట్టుకుని లోపలికి తల పెట్టాను. తుప్పు లేదు, నీళ్ల చుక్క లేదు. రబ్బరు చుట్ట కొత్తదానిలా ఉంది. "అమ్మయ్య!" అని బయటికే అనేశాను. అప్పుడు కొమ్ముల మధ్య చూపు పడింది. నేను వదిలిన ఖాళీ లేదు. అక్కడ పచ్చగా ఇత్తడి మెరుస్తోంది. కొలిచి కోసి, అతికించి, ఆకురాయితో నున్నగా అరగదీసిన ఇత్తడి. అంత అందమైన పని మా షాపులో ఎవరూ చేయలేరు.

"ఇదేమిటి?" అన్నాను.

"అది నేను జేసిన," అన్నాడు ఖాజా భాయ్, ఛాతీ విరుచుకుని. "మస్తు లూజ్ ఉండె మేడం. చేతితోని తిప్పితే చక్రం ఊరికెనే తిరుగుతుండె. గంత మంచి మాల్‌ల గింత లూజా అని నాకే షరం అయింది. ఇత్తడి ముక్కలు గొట్టి నింపేసిన. ఇప్పుడు సూడు, వెంట్రుక దూరదు. పైసలు గూడ తీసుకోలే. మన గల్లీ మోటరు గదా."

యాదగిరన్న వైపు తిరిగాను. "అన్నా, ఎవరూ విప్పలేదన్నారు కదా!"

"బయటోళ్లు ఇప్పలే అన్న అక్కా," అన్నాడు యాదగిరన్న, నిజంగా ఆశ్చర్యపోతూ. "ఖాజా భాయ్ బయటోడా ఏంది? ఆయన ఇంటి గోడకే మన చాంబరు ఉండె. ముప్పై ఏండ్ల దోస్తు. ఆయన ముడితే ఎవరన్న ముట్టినట్టా?"

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. రాత్రంతా నా రబ్బరు చుట్టను తిట్టుకుంటూ పడుకోలేదు. గట్టిగా ఏదో అనడానికి ముందు పక్కనున్న డబ్బా మీద కూర్చున్నాను. ఆ డబ్బా నిండా గేరు ఆయిలు ఉంది, మూత ఉత్తినే ఆనించి ఉంది. మూతతో సహా లోపలికి దిగాను. ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లాగితే బయటపడ్డాను. చీర వెనకభాగమంతా నల్లగా, చిక్కగా కారుతోంది. దాంతో తిట్టే అవకాశం చేజారిపోయింది. ఆయిల్లో కూర్చుని లేచిన మనిషి ఎంత కోప్పడినా ఎవరూ భయపడరు.

ఖాజా భాయ్ సబ్బు, పాత గుడ్డలు తేవడానికి వెనక గదికి పరుగెత్తాడు. ఆ గదికి చెక్క తలుపు. వానలకు ఉబ్బి చౌకట్టులో బిగుసుకుంది. చేత్తో తోశాడు, కదలలేదు. రెండడుగులు వెనక్కు వేసి, వచ్చి భుజంతో ఒక్కటిచ్చాడు. తలుపు తెరుచుకుంది.

"ఆగండి!" అని అరిచాను. "ఇప్పుడేం చేశారు మీరు?"

"ఏం జేసిన? తలుపు తీసిన."

"వెనక్కెందుకు వెళ్లారు? తలుపుకు ఆనుకునే నెట్టొచ్చుగా?"

"ఆనుకొని నెడితే ఒస్తదా మేడం? ఒంట్ల జోరు అందాలె గద!"

"మా మోటారుకూ అదే కావాలి భాయ్. వెనక్కు వెళ్లడానికి చోటు కావాలి. ఆ చోటు మీరు ఇత్తడితో పూడ్చేశారు."

ఖాజా భాయ్ తలుపు వంక చూశాడు. బల్ల మీది చక్రం వంక చూశాడు. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ కదపబోయాడు. వెంట్రుక దూరనంత గట్టిగా ఉంది. ముఖంలో ఒక్కో గీతా విచ్చుకుని, పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. "అరే యాదగిరీ! మోటరును తీస్కపోయి గోడకు అంటిచ్చినం బే! పాపం, గది ఎట్ల కొట్టాలె?" యాదగిరన్న ఆయనకంటే గట్టిగా నవ్వాడు. కారుతున్న చీరతో నేను కూడా నవ్వాను.

నవ్వయ్యాక ఖాజా భాయ్ ముఖం మళ్లీ ముడుచుకుంది. "మేడం, లూజ్ ఒక్కటే కాదు. ఇంకో బాత్ ఉన్నది. పొద్దుగాల్నే అది ఠక్‌మని కొడితే నా కబూతర్లు బెదిరి లేస్తుండె. లేస్తె లేవనియ్. ఒక జోడి గుడ్ల మీద కూసున్నది. పోయిన సారి గిట్లనే లేచిపోయి, గుడ్లు సల్లవడి కరాబైనయ్. అందుకే నింపిన. ఇప్పుడు మల్ల జోడి కూసున్నది. గుడ్లు పగిలి పిల్లలయ్యేదాంక ఆగలేమా?"

ఆగలేం. రేపే శనివారం. నాకు మా షాపు కళ్లముందు మెదులుతోంది, ఆయనకు రెండు గుడ్లు మెదులుతున్నాయి. ఎవరం ఎవర్నీ తక్కువ చేయలేం. ఇంతలో నమాజు వేళయింది. ఖాజా భాయ్ చేతులు కడుక్కుని షాపు షట్టరు దించేశాడు. "జుమ్మా రోజు దోపహర్ పని జెయ్య మేడం. నమాజు అయినంక బార్కస్‌ల మా ఆపా ఇంట్ల దావత్. నువ్వు గూడ రా. గీ చీరతోని ఇంకెక్కడికి పోతవ్?"

బార్కస్

ఆపా అంటే అక్క. ఖాజా భాయ్ పెద్దక్కను బార్కస్‌లో ఇచ్చారు. ఎన్నో తరాల కిందట అరబ్బు దేశాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పేట అది. వీధిలో మగవాళ్లు గళ్ల లుంగీలు కట్టుకుని నింపాదిగా తిరుగుతుంటే మా భీమిలి జాలరి పేటకు వచ్చానా అనిపించింది. దారిలో బండి మీద జామకాయలు చూసి ఆటో ఆపించాను. కిలో వందన్నాడు. ఈసారి నలభై అని, రెండడుగులు నడిచాను. పిలిచాడు! అరవైకి తీసుకుని యాదగిరన్న వైపు గర్వంగా చూశాను.

ఆపా నా చీర చూసి నోరు నొక్కుకుని, ఏమీ అడగకుండా లోపలికి తీసుకెళ్లింది. కాసేపటికి నేను ఆకుపచ్చ సల్వార్ కమీజులో బయటికి వచ్చాను. నా జీవితంలో మొదటిసారి. మనిషికి ఇంత సుఖంగా ఉంటుందని యాభై రెండేళ్లు ఎవరూ చెప్పలేదు.

భోజనానికి పెద్ద పళ్లెం మధ్యలో పెట్టి చుట్టూ కూర్చున్నారు. మసాలా తక్కువగా, నెమ్మదిగా ఉడికిన అన్నం, దాని మీద మాంసం. మండీ అంటారట. ఒకే పళ్లెంలో అందరూ తినడం మాకు అలవాటు లేదు. మా ఇంట్లో ఎవరి కంచం వాళ్లది, ఎవరి చెంబు వాళ్లది. మొదటి ముద్దకు చెయ్యి వెనకాడింది. ఆపా తన వైపున్న మెత్తటి ముక్క విరిచి నా ముందుకు నెట్టింది. ఆ తర్వాత నా చెయ్యి వెనకాడలేదు. యాదగిరన్న మాత్రం పెళ్లివారిలా బాసింపట్టు వేసుకుని, తను ఎన్నో జన్మల నుంచి ఇక్కడే తింటున్నట్టు తిన్నాడు.

తింటూనే ఖాజా భాయ్ తన కష్టం చెప్పుకున్నాడు. ఆపా విని తమ్ముడి మీద విరుచుకుపడింది. "గల్లీల ఆడోళ్లు బిందెలు పట్టుకొని నిలబడితే నీకు కబూతర్ల ఫికరా? యాదగిరి భుజం సూసినవా, ఎట్ల ఉన్నదో?"

"గుడ్లు ఆపా…" అని నసిగాడు అంత పెద్ద మనిషి.

అప్పుడే వంటింట్లో పొయ్యి మీద ఇంకో పెద్ద దేగిసా గిన్నె మూత గణగణ మోగసాగింది. ఆపా లేచి వెళ్లి, తడిగుడ్డ ఒకటి మడిచి మూత అంచు కింద పెట్టింది. మోత ఆగిపోయింది. నాకు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"భాయ్, సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి. మీ పావురాలు బెదిరే చప్పుడు ఎలా ఉంటుంది? ఠక్ అని ఒక్కసారేనా? తర్వాత ఇంకేమైనా మోగుతుందా?"

ఖాజా భాయ్ కళ్లు మూసుకుని విన్నాడు. "ఠక్ సిన్నదే. తర్వాత గణ్‌ఁ… అని మోగుతది. గా గణగణకే లేస్తయ్."

"అది మా పెట్టె కాదు. చాంబరు మీది ఇనుప మూత!"

అందరూ ఒకేసారి వంటింటి వైపు చూశారు. ఆపా మాత్రం ఏమీ జరగనట్టు నా ముందు ఇంకో ముక్క పెట్టింది. ఇంకా సగమే తిన్నానని ఆవిడ గొడవ. ఖాజా భాయ్ మాత్రం తినడం ఆపి లేచాడు. "లారీ ట్యూబు పాతది నా తాన ఉన్నది. పోదాం, పని జేద్దాం!" చెయ్యి కడుక్కోకుండానే చెప్పులు వెతుక్కుంటుంటే ఆపా కేకలేసింది.

పొద్దు వాలకముందే ఆయన తన ఇత్తడిని తనే కోసేశాడు. మనసు పడి చేసిన పనిని తీసేస్తుంటే ఏమనిపిస్తోందని అడగబోయి మానేశాను. ఆయనే అన్నాడు, "ఫికర్ లేదు మేడం. మోటరుకు జోరు ఒస్తె సాలు." చక్రాన్ని గొట్టం మీద ఎక్కించి చేత్తో తిప్పితే, సగం చుట్టు హాయిగా తిరిగి కొమ్ముకు తగిలి ఆగింది. పెట్టెను తీసుకెళ్లి వాల్వు మీద బిగించాం. లారీ ట్యూబును పట్టీలుగా కోసి మూత అంచు కింద పరిచాం. వాల్వు రెండు రోజులు గట్టిగా మూసి ఉంటేనే అసలు పరీక్ష కాబట్టి ఆ సాయంత్రం మీట నొక్కలేదు. నొక్కి చూడాలని మాత్రం చెయ్యి దురద పెట్టింది.

శనివారం

తెల్లవారేసరికి ఇంజనీరు గారు స్కూటర్ మీద వచ్చి, చేతులు కట్టుకుని గోడవారగా నిలబడ్డారు. పలకరింపు అయింది గానీ నవ్వు లేదు. సందులో అప్పటికే గుమ్మాల ముందు బిందెలు, బకెట్లు వరసకట్టి ఉన్నాయి. మేం కుళాయి అనేదాన్ని వీళ్లు నల్లా అంటారు. నల్లాలన్నీ నోళ్లు తెరుచుకుని పొడిగా ఉన్నాయి. ఖాజా భాయ్ మేడ మీద గూళ్ల పక్కన గొంతుక్కూర్చుని, కదలకుండా ఒక గూటి వైపే చూస్తున్నాడు.

"అక్కా, నువ్వే నొక్కు," అన్నాడు యాదగిరన్న.

నొక్కాను. మోటారు తేలిగ్గా తిరిగింది. ఆ తర్వాత మూత కిందనుంచి ఒక దెబ్బ వినిపించింది. మోత లేదు, గణగణ లేదు, పక్కింట్లో ఎవరో పీట దించినట్టు చిన్న చప్పుడు. మోటారు ఆగలేదు. మూలగలేదు. ఒకే గొంతుతో తిరుగుతూనే ఉంది. కింద గొట్టంలో ఏదో కదిలి, బుసబుసమని పరుగు తీసింది.

మేడ మీంచి ఖాజా భాయ్ ఒక చెయ్యి పైకెత్తి, అరచేతిని నేల వైపు ఆనించినట్టు చూపించాడు. పావురం కూర్చునే ఉందని దానర్థం. అరిస్తే అదెక్కడ లేస్తుందోనని నోరు మాత్రం తెరవలేదు. యాదగిరన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. ఇంజనీరు గారు చేతులు విప్పి, "బాగుందమ్మా. మిగతావి కూడా పంపించండి," అని స్కూటరు స్టార్ట్ చేశారు. ప్రసాదుకు వెంటనే ఫోన్ చేయాలి. చేయలేదు. సందులోకి నడిచాను.

ఒక నల్లా ముందుగా దగ్గింది, గాలి ఊదింది, ఎర్రగా కాసిని చుక్కలు రాల్చింది. తర్వాత తెల్లటి ధార. ఆ పక్క గుమ్మంలో ఇంకోటి. "ఒచ్చినయ్, ఒచ్చినయ్!" అని లోపల్నుంచి కేకలు, బకెట్ల చప్పుడు, ఎవరో ఎవర్నో నిద్ర లేపుతున్నారు. నేను ఒక నల్లాకు అడ్డంగా నిలబడిపోయానని నాకే తెలియలేదు.

"జర జరుగు అక్కా, నీళ్లొచ్చినయ్ కనబడ్తలేదా?" అని ఒకావిడ నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, బిందె ధార కింద పెట్టింది. నా ముఖం కూడా చూడలేదు. నేనెవరో, ఆ గుంతలో ఏముందో ఆమెకు పట్టలేదు. నీళ్లు రావలసిన వేళకు వచ్చాయి, అంతే.

నేను గోడకు ఆనుకుని, ఆ బిందె నిండేదాకా చూస్తూ నిలబడ్డాను.